తెర పోయిన లాప్‌టాప్

హలోగారికి తెర పోయిన లాప్‌టాపే కావాలి. తెర బాగున్నది వద్దట.

పాత కంప్యూటర్లు అమ్మే సందులో, ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడాల్సినంత కొట్టులో, కొట్టతను ఈ మాట విని చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. పొద్దున్నే ఎవరో తనని ఆటపట్టించడానికి బయల్దేరారనుకున్నాడు. తలెత్తి చూస్తే ఇస్త్రీ చొక్కా, చేతిలో మడత కర్ర, గోడవైపు తిరిగిన ముఖం. అప్పుడర్థమైంది.

"నాకు తెరతో ఏం పని బాబూ? దానికి డబ్బు పోయడం దండగ. నోరు బాగుండాలి, మీటలు బాగుండాలి, అంతే," అన్నారు హలోగారు.

"అలాంటిది ఒకటి పడుంది సార్. కిందపడి డిస్‌ప్లే పోయింది. విడిభాగాలకి పనికొస్తుందని అట్టిపెట్టా. మిగతాదంతా కండిషనే."

"కండిషనో కాదో నన్ను చూడనీ."

చూడనీ అనే అన్నారు. ఆయన ఎప్పుడూ ఆ మాటే వాడతారు, అందులో ఆయనకేమీ మొహమాటం లేదు. మూత తెరిచి మూసి, మళ్లీ తెరిచి, బిజాగరీలు కీచుమంటాయేమో విన్నారు. చూపుడువేళ్లు ఆనే రెండు మీటల మీదా సన్నటి గీతలుంటాయి, అవి అరిగిపోయాయేమో తడిమారు. ప్రతి మీటా నొక్కి ఏది బద్ధకంగా లేస్తోందో చెప్పారు. ఛార్జరు పెట్టి వైరు అటూ ఇటూ ఊపారు. పెట్టెకి చెవి ఆనించి ఫ్యాను విన్నారు. చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు.

"ఇందులో టీ ఒలికింది."

"ఒలికితే తుడిచాను సార్," అన్నాడు కొట్టతను, బుకాయించే ఓపిక లేక.

ఇద్దరూ నవ్వుకున్నారు. బేరం కుదిరింది. కొట్టతను తన బల్ల మీదున్న పెద్ద తెరకి లాప్‌టాప్‌ని వైరుతో కలిపి, తెర మీదున్నదంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఎక్కించాడు. ఆ వైరు పీకేశాక మళ్లీ ఒకసారి ఆన్ చేశాడు. నల్లటి తెర వెనకనుంచి ముక్కుతో మాట్లాడే మగగొంతు ఒకటి మొదలైంది. హలోగారి ముఖం చూడాలి అప్పుడు. చాన్నాళ్లకి ఎవరో ఆయన్ని పిలిచినట్టు ఆ గొంతువైపు వంగిపోయారు.

హలోగారంటే అసలు పేరు కాదు, తెలుస్తూనే ఉంది కదా. అసలు పేరు ఉండే ఉంటుంది, వీధిలో ఎవరికీ దానితో అవసరం పడలేదు. పెళ్లి కాకముందునుంచీ పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. ఏ వార్డు నంబరైనా, ఏ డాక్టరు ఇంటి నంబరైనా నాలుక చివర ఉండేది. ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్లని ముందు ఊరుకోబెట్టి, తరవాత లైను కలిపేవారు. ఇంటికొచ్చి తలుపు తట్టి కూడా "హలో" అనేవారు. వీధి పిల్లలు పెట్టిన పేరు అలాగే అంటుకుపోయింది.

ఒకనాడు ఆసుపత్రివాళ్లు ఆ బల్లా, ఆ స్విచ్చులూ తీసేశారు. ఎవరు ఫోన్ చేసినా ఒక ఆడగొంతు, ఫలానా దానికి ఒకటి నొక్కండి, ఫలానా దానికి రెండు నొక్కండి అని చెబుతుంది. పోయేవాడు నొక్కుకుంటూ పోవాల్సిందే. హలోగారికి దండ వేసి, ఒక గోడ గడియారం బహుమానంగా ఇచ్చి పంపించారు. చూపులేని మనిషికి గడియారం ఇచ్చిన మహానుభావుడెవరో గానీ, అతన్ని మెచ్చుకోవాలి. అది ఇప్పటికీ ముందు గదిలో, ఆవిడ కుట్టుమిషను పైన టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది.

ఆవిడంటే హలోగారి భార్య. స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే కళ్లు ఆవిడవి. సంసారమంతా ఆ రెండు కళ్ల మీదే నడిచిందని హలోగారే అంటారు. అయితే ఆవిడకి ఒక లోటుండేది. రోజంతా ఊరందరితో మాట్లాడి వచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు. భోంచేసి, చెవులు రెండూ చేతులతో మూసుకుని పడుకునేవారు. వినీవినీ నొప్పెడుతున్నాయనేవారు. ఆవిడ చెప్పదలచుకున్నదంతా మిషను తొక్కుతూ మిషనుకే చెప్పుకునేది.

ఉద్యోగం పోయాక ఆయన ఇంట్లోనే. పొద్దు గడవక, మిషను పక్కన పీట వేసుకుని బొత్తాల డబ్బా ఒళ్లో పెట్టుకునేవారు. రెండు రంధ్రాలవి ఒక గిన్నెలో, నాలుగు రంధ్రాలవి ఒక గిన్నెలో, పగిలినవి నేలమీద. ఏరుతూ ఏదో ఒకటి చెప్పేవారు. ఆవిడకి అవి బంగారంలాంటి రోజులు. ఆయనకి మాత్రం ఒక్కో బొత్తామూ గుండెలో పడుతున్నట్టుండేది. తన బతుకంతా చివరికి ఈ డబ్బాకి చేరిందా అనుకునేవారు. ఈ సంగతి పెళ్లానికి చెప్పలేదు. చెబితే బాధపడుతుందని ఆయన లెక్క.

అలాంటప్పుడు దొరికింది ఈ పని. ఒక కంపెనీకి రోజూ బోలెడుమంది ఫోన్లు చేసి గోడు వెళ్లబోసుకుంటారు. ఆ మాటలన్నీ రికార్డవుతాయి. వాటిని విని, ఉన్నదున్నట్టు టైపు చేసి పంపాలి. ఇంట్లోనే కూర్చుని చేసుకోవచ్చు. విననూ వచ్చు, టైపూ వచ్చు, ఇంతకంటే ఏం కావాలి? ముందు పరీక్షగా కొన్ని రికార్డులు ఇస్తారు. శనివారం సాయంత్రంలోగా అన్నీ పంపితే, తప్పుల్లేకుండా ఉంటే, ఉద్యోగం ఖాయం. కంపెనీ అమ్మాయి ఫోన్లో ఈ సంగతి చెప్పినప్పుడు హలోగారు లేచి నిలబడ్డారు. ఫోన్లో మాట్లాడుతూ నిలబడ్డమేమిటని ఆవిడ నవ్వింది. ఆయనకి నవ్వు రాలేదు. ఈ పని తనకి దొరక్కపోతే ఇంక ఏ పనీ దొరకదని ఆయనకి తెలుసు.

అందుకే ఆ లాప్‌టాప్. ఇంటికి తెచ్చి కిటికీ పక్క బల్ల మీద పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నారు. ఇక చూడండి. పొద్దున కూర్చుంటే మళ్లీ దీపాలు పెట్టేదాకా లేస్తే ఒట్టు. ఒక చెవిలో ఎవరో బిల్లు తప్పొచ్చిందని తిడుతుంటారు, రెండో చెవిలో ముక్కుగొంతు ఆయన టైపు చేసిందల్లా చదివి వినిపిస్తుంటుంది. వేళ్లు పరుగెడుతుంటాయి. ఇటు ఇంట్లో ఉన్నావిడ మళ్లీ మిషనుతో మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

"ఏమండీ, ఆ పక్కింటావిడ ఏమందో తెలుసా?"

మీటలు టకటకలాడుతూనే ఉంటాయి.

"టీ తాగుతారా?"

దానికీ మీటల చప్పుడే. టీ పక్కన పెడితే చల్లారిపోయేది. ఒకసారి చెయ్యి తగిలి కప్పు పడింది కూడా. ఇంతకుముందున్నవాళ్లూ ఇలాగే ఒలకబోసుకుని ఉంటారనుకుంది ఆవిడ. ఆ లాప్‌టాప్‌కి అదే రాతేమో.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. కంచంలో వడ్డించింది చల్లబడిపోతోంది. వెళ్లి భుజం తట్టింది. ఆయన తల తిప్పకుండానే చెయ్యి ఊపారు, ఈగని తోలినట్టు. ఆవిడకి ఎక్కడలేని ఒళ్లుమంట వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ దిగమింగినదంతా ఒక్కసారి పైకొచ్చింది. ఇయర్‌ఫోన్స్ వైరు పట్టుకుని పక్కకి ఒక్క లాగు లాగింది.

"కట్టుకున్నదాని గొంతు తప్ప లోకంలో అందరి గొంతులూ వినబడతాయి మీకు," అంది.

హలోగారు తెల్లబోయారు. తప్పు తనదేనని తెలిసి, మారుమాట్లాడకుండా వెళ్లి భోంచేశారు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మీట నొక్కారు. ముక్కుగొంతు లేదు.

మళ్లీ నొక్కారు. ఆపి, మళ్లీ ఆన్ చేశారు. ఫ్యాను తిరుగుతోంది, పెట్టె వెచ్చబడుతోంది, మాట మాత్రం లేదు. ధ్వని పెంచే మీట నొక్కారు, తగ్గించే మీట నొక్కారు. ఛార్జరు తీసి కాసేపు ఊరుకుని మళ్లీ పెట్టారు. ఆ లాగుడికి ఇయర్‌ఫోన్సే పోయాయేమోనని వీధి చివరిదాకా వెళ్లి కొత్తవి కొనుక్కొచ్చారు. అవి లోపలికి పూర్తిగా దిగడం లేదు, కొత్తవి కాబట్టి బిగుతనుకున్నారు. అవి లేకుండా పెట్టె స్పీకర్లోంచీ పలకడం లేదు. రికార్డులన్నీ అందులోనే ఉన్నాయి, అప్పటిదాకా టైపు చేసిందంతా అందులోనే ఉంది. అది తెరుచుకుందో లేదో, తన వేళ్లు ఎక్కడేం కొడుతున్నాయో తెలిసే దారి లేదు. కళ్లున్నావిడకి చూడ్డానికి తెర లేదు, చెవులున్న మనిషికి వినడానికి మాట లేదు. చవగ్గా వచ్చిందని సంబరపడ్డ బేరం ఇంత పని చేస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

కొట్టతనికి ఫోన్ చేశారు.

"ఊళ్లో లేను సార్. మా మామయ్యకి బాలేదు, ఆసుపత్రిలో ఉన్నాం. సోమవారం గానీ రాను," అన్నాడతను. అయినా పాపం విసుక్కోకుండా అడిగాడు. "ఇయర్‌ఫోన్ పెట్టే కన్నంలో ఏమైనా ఇరుక్కుందేమో చూపించండి సార్ ఎవరికైనా. దాని పిన్ను ముక్క విరిగి లోపలుంటే లాప్‌టాప్ ఇయర్‌ఫోన్ ఉందనే అనుకుంటుంది. స్పీకర్ పలకదు."

హలోగారు పెట్టె ఎత్తి ఆవిడవైపు తిప్పారు.

"ఇదిగో, ఈ కన్నంలో ఏమైనా ఉందేమో చూడు. టార్చి వేసి సరిగ్గా చూడు."

ఆవిడ టార్చి తెచ్చింది. వంగింది. ఆవిడ జుట్టు ఆయన చేతికి తగిలింది. చాలాసేపే చూసింది. తరవాత చిన్నగా ఊపిరి తీసుకుంది.

"ఏమీ లేదండీ. ఖాళీగానే ఉంది."

ఆ మాటే ఆయన ఫోన్లో చెప్పారు.

"అయితే బోర్డులోనే పోయుంటుంది సార్, సౌండుది. నేనొచ్చి చూడాల్సిందే. ఈలోగా మా సందులో ఇంకెవరికీ ఇవ్వకండి. వాళ్లు ముందు చేసే పని ఉన్నదంతా చెరిపెయ్యడమే. మీరు చేసిన పని మొత్తం పోతుంది."

అలా ఆ దారీ మూసుకుపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. గడువు పెంచుతారేమో పైవాళ్లని అడిగి చెబుతానంది. పైవాళ్లని అడిగి చెబుతామనే మాట హలోగారు ఆసుపత్రి బల్ల దగ్గర కూర్చుని ఎంతమందికి చెప్పారో. దాని అర్థం ఆయనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

గురువారం, శుక్రవారం, శనివారం. చెయ్యడానికేమీ లేక హలోగారు మళ్లీ పీట వేసుకున్నారు. బొత్తాల డబ్బా ఒళ్లోకొచ్చింది. ఆవిడ మిషను తొక్కుతూ ఏదైనా చెప్పమంది. వద్దనడం బాగోదని చెప్పడం మొదలుపెట్టారు. ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవడం మానేసి, అటు మాట ఇటు, ఇటు మాట అటు ఈయనచేతే చెప్పించుకున్న సంగతి. అర్ధాంగికి తెలియకుండా రోజూ ఫోన్ చేసి తన రక్తపోటు ఎంతో తనే చెప్పుకునే పెద్దమనిషి సంగతి. ఆవిడ నవ్వీనవ్వీ కుట్టు వంకరపోయి విప్పుకుంది. ఆ నవ్వు విని హలోగారికి లోపల ఎక్కడో మండింది. తన పని మునిగిపోతుంటే ఇంత తేలిగ్గా ఎలా నవ్వుతోంది ఈ మనిషి అనుకున్నారు. మరుక్షణం, పాపం నన్ను మరిపించడానికే నవ్వుతోంది అని తనే సర్దిచెప్పుకున్నారు.

"ఫోన్లో అబద్ధం ఎలా తెలిసిపోతుందో తెలుసా?" అన్నారు శనివారం, ఏదో ఒకటి చెప్పాలి కదా అని.

"ఎలా?"

"నిజం చెప్పేవాడు టక్కున చెబుతాడు. అబద్ధం చెప్పబోయేవాడు ముందు చిన్నగా గాలి పీలుస్తాడు. నీళ్లలో మునగబోయేముందు పీల్చినట్టు. ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు."

మిషను ఆగింది. దారం తెగిందేమో అనుకున్నారాయన.

"అందరూ పీలుస్తారా?" అంది ఆవిడ.

"అందరూ. నేనైనా సరే."

మిషను మళ్లీ కదిలింది గానీ, ఆ తరవాత ఆవిడ పెద్దగా నవ్వలేదు. సాయంత్రమైంది. గడువు దాటిపోయింది. హలోగారు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నారు. అది మోగలేదు.

సోమవారం పొద్దున్నే ఆయనే కంపెనీకి ఫోన్ చేశారు. ముందొక ఆడగొంతు, ఫలానా దానికి ఒకటి నొక్కండి అంది. ఆసుపత్రిలో పెట్టిన గొంతూ ఇదీ ఒకటేనేమో అనిపించింది ఆయనకి. నొక్కీ నొక్కీ చివరికి ఆ అమ్మాయిని పట్టుకున్నారు.

"వేరేవాళ్లకి ఇచ్చేశామండీ," అంది ఆ అమ్మాయి, టక్కున. "మీరు పంపిన మొదటి రెండూ చాలా బాగున్నాయి. ఒక్క తప్పు లేదు. మా సారు కూడా మెచ్చుకున్నారు. టైముకి మిగతావి వచ్చుంటే మీకే ఇచ్చేవాళ్లం."

నిజమే చెప్పింది. అదే ఎక్కువ బాధ.

అయినా లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని కొట్టుకి బయల్దేరారు. ఆవిడ తనూ వస్తానంది. వద్దన్నారు. తెలిసిన దారేగా అన్నారు. అసలు కారణం, పని పోయిందన్న మాట ఇంకా ఆవిడకి చెప్పలేదు. చెప్పేముందు కాస్త ఒంటరిగా నడవాలనిపించింది.

కొట్టతను పెట్టె అందుకుని పక్కకి తిప్పాడు. స్క్రూడ్రైవరు తీసిన చప్పుడు కూడా కాలేదు.

"అరె, ఇదేంటి సార్. పిన్ను ముక్క లోపలే ఉంది."

"లేదు బాబూ. ఏదీ లేదు. చూపించాను."

"ఎవరు చూశారో గానీ సరిగ్గా చూడలేదు సార్. ఇదిగో, మెరుస్తూ కనబడుతోంది. కళ్లున్నవాళ్లు ఎవరికైనా కనబడుతుంది."

లాప్‌టాప్ ఆన్ చేసి, పుల్ల చివర ఇంత జిగురు రాసి కన్నంలో పెట్టి, ఆరేదాకా ఊదుతూ కూర్చుని, మెల్లగా లాగాడు. ముక్క వచ్చేసింది. వచ్చీ రావడంతోనే బల్ల మీద లాప్‌టాప్ ముక్కుగొంతుతో గట్టిగా అరిచింది. తిట్లు తింటున్న బిల్లు సంగతి ఎక్కడ ఆగిందో అక్కడినుంచే చదవడం మొదలుపెట్టింది. కొట్టతను నవ్వాడు.

"చూశారా, మీ పని ఏదీ పోలేదు సార్. అంతా అలాగే ఉంది. దీనికి డబ్బులేం వద్దు."

అతను పిన్ను ముక్కని హలోగారి అరచేతిలో పెట్టాడు. బియ్యపుగింజంత ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడిపోయారు. చూసిన మనిషి సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే మనిషి. టార్చి వేసి, చాలాసేపు చూసింది. ఆ తరవాత ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి ఆయనకి వినబడింది. ఆ బుధవారమే వినబడింది. ముక్కూమొహం తెలియని వాళ్లలో పట్టుకున్న దాన్ని, పక్కనున్న మనిషిలో పట్టుకోవడం ఆయనకి ఇష్టం లేకపోయింది, అంతే.

కోపం వచ్చింది. రాకేం. దారంతా కర్ర నేలమీద అవసరానికి మించి కొట్టుకుంటూ నడిచారు. ఇంటికెళ్లి అడగాలనుకున్న మాటలు ఒకదాని వెనక ఒకటి పేర్చుకున్నారు. నా నోటి దగ్గర కూడు లాగేశావే అనాలి. నేనేం అన్యాయం చేశానని అనాలి. వీధి మలుపు తిరిగాక, కుట్టు వంకరపోయేలా ఆవిడ నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అలా నవ్వగా ఎన్నిసార్లు విన్నానా అని వెతుక్కున్నారు. ఎక్కువసార్లు తగల్లేదు. ఊరందరి గోడూ విన్న చెవులు తనవి. ఇంట్లో గోడు ఒక్కటీ విన్నట్టు లేదు. పేర్చుకున్న మాటలు అక్కడే చెదిరిపోయాయి. కోపం మాత్రం పోలేదు. దాన్ని ఎవరిమీద పడెయ్యాలో తెలియక అలాగే మోసుకుని ఇంటికొచ్చారు.

మిషను చప్పుడు వీధిలోకే వినబడుతోంది. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచారు. మిషను నెమ్మదించింది.

"ఏమన్నాడండీ?"

హలోగారు సంచి బల్ల మీద పెట్టారు. పిన్ను ముక్క చొక్కా జేబులోనే ఉంది. అన్నీ అడిగెయ్యడానికి ఒక్క క్షణం చాలు. అడిగాక మాత్రం ఈ ఇంట్లో ఇద్దరూ ఎలా బతకాలో ఆయనకి తోచలేదు.

చిన్నగా ఊపిరి తీసుకున్నారు.

"బోర్డులో ఏదో పోయిందట. కంటికి కనబడేది కాదట. నువ్వెంత చూసినా కనబడేది కాదట."

మిషను ఆగిపోయింది. ఆయన ఊపిరి తీసుకోవడం ఆవిడ విన్నది. నేనైనా సరే అని శనివారం ఆయనే చెప్పారు కదా. గోడ మీద గడియారం తన పని తను చేసుకుపోతోంది. ఆవిడ లేచింది, ఒక అడుగు ఇటువైపు వేసింది, ఆగిపోయింది.

"మరి ఆ ఉద్యోగం?" అంది.

"వేరేవాళ్లకి ఇచ్చేశారు," అన్నారాయన, టక్కున.

ఆవిడ ఏడుస్తోందని ఆయనకి తెలుసు. చప్పుడు కాకుండా ఏడవడం ఆ చెవుల ముందు కుదరదని ఆవిడకీ తెలుసు. ఆయన చేత్తో తడుముకుంటూ వెళ్లి, పీట లాక్కుని, మిషను పక్కన కూర్చున్నారు.

"ఆ డబ్బా ఇటివ్వు."

ఆవిడ బొత్తాల డబ్బా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. పెట్టిన చెయ్యి మూత మీదనుంచి తియ్యలేదు. ఆయన ఆ చేతి మీద తన చెయ్యి వేసి, కాసేపుంచి, తీసి పక్కన పెట్టారు. మూత తెరిచి ఏరడం మొదలుపెట్టారు. రెండు రంధ్రాలవి ఒక గిన్నెలో, నాలుగు రంధ్రాలవి ఒక గిన్నెలో.

ఆవిడ కళ్లు తుడుచుకుని మిషను ముందు కూర్చుంది.

"ఏదైనా చెప్పండి," అంది.

హలోగారు చెబుదామనే నోరు తెరిచారు. ఒక్క మాటా దొరకలేదు.